పట్టేసిన బ్రేకు పైపు నట్టు

కారు మొదలైన వాహనాల ద్రవ బ్రేకులలో లోహపు పైపును మాస్టర్ సిలిండరుకు, వీల్ సిలిండరుకు, క్యాలిపరుకు లేదా రబ్బరు హోసుకు కలిపే చిన్న నట్టు తుప్పు వల్ల కదలకుండా బిగుసుకుపోవడాన్ని '''బ్రేకు పైపు నట్టు పట్టేయడం''' అంటారు. పాత కార్లను ఇంటివద్ద బాగుచేసుకొనేవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బందులలో ఇది ఒకటి. నట్టు చిన్నదే అయినా, దానిని తప్పు పానాతో తిప్పితే దాని మూలలు అరిగిపోతాయి. బలవంతంగా తిప్పితే పైపు మెలితిరిగి తెగుతుంది. అప్పుడు ఒక గంటలో ముగియవలసిన పని రెండు రోజులకు పెరుగుతుంది. అంతకంటె ముఖ్యమైన విషయం, ఇది ప్రాణరక్షణకు సంబంధించిన భాగం. అందుచేత నట్టు ఎందుకు పట్టేస్తుంది, దానిని ఏ క్రమంలో విప్పాలి, ఎక్కడ ప్రయత్నం మానుకోవాలి అనే మూడు విషయాలూ తెలిసి ఉండడం అవసరం.

నిర్మాణం

ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలో చెప్పే పాస్కల్ నియమమే ద్రవ బ్రేకులకు ఆధారం. మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. డ్రైవరు పెడలు నొక్కినప్పుడు మాస్టర్ సిలిండరులో పుట్టిన పీడనం సన్నని పైపుల ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఈ పైపులలో పీడనం 70 నుండి 100 బార్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువగా ఉంటుంది. కారు టైరులో ఉండే గాలి పీడనం సుమారు 2.2 బార్లు మాత్రమే. దీనినిబట్టి బ్రేకు పైపు ఎంత ఒత్తిడిని తట్టుకోవాలో ఊహించవచ్చు.

చాలా కార్లలో ఈ పైపు బయటి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు, అనగా అంగుళంలో పదహారింట మూడు వంతులు. దీనిని ఉక్కు రేకును రెండు పొరలుగా చుట్టి, రాగితో అతికి తయారుచేస్తారు. గోడ మందం మిల్లీమీటరు కంటె తక్కువ. పైన తుప్పు నివారణకు పూత ఉంటుంది.

పైపును బిగించే నట్టు సాధారణ నట్టు వంటిది కాదు. బోల్టువలె దీనికి మరచుట్లు, అనగా మెకానిక్కుల భాషలో త్రెడ్లు, బయటివైపున ఉంటాయి. మధ్యలో నిలువునా రంధ్రం ఉంటుంది. పైపు ఆ రంధ్రం గుండా వెళ్తుంది. పైపు చివరను వెడల్పు చేసి ఒక మూతిలా తయారుచేస్తారు. దీనిని ఫ్లేర్ అంటారు. నట్టును బిగించినప్పుడు అది ఈ మూతిని సిలిండరులోని పీటకు అదుముతుంది. ద్రవం కారకుండా ఆపేది ఈ అదుమే గాని మరచుట్లు కావు. ఈ సంగతి గుర్తుంచుకొంటే తరువాత చెప్పబోయే జాగ్రత్తలు చాలావరకు సులభంగా అర్థమవుతాయి.

ఫ్లేర్లలో ప్రధానంగా రెండు రకాలు కలవు. 45 డిగ్రీల వాలుతో రెండు మడతలుగా ఉండేది డబుల్ ఫ్లేర్. పుట్టగొడుగు ఆకారంలో ఉబ్బుగా ఉండేది బబుల్ ఫ్లేర్. ఒకదాని స్థానంలో మరొకటి బిగించరాదు. నట్ల కొలతలలో కూడా భేదాలున్నాయి. మెట్రిక్ కొలతల కార్లలో 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు అంతరం గల మరచుట్లు ఎక్కువ. వీటికి 10 లేదా 11 మిల్లీమీటర్ల పానా పడుతుంది. పాత అమెరికన్ కార్లలో అంగుళాల కొలత నట్లు ఉంటాయి.

చరిత్ర

అమెరికాకు చెందిన మాల్కమ్ లాక్‌హెడ్ ద్రవ బ్రేకులను అభివృద్ధి చేసినవారిలో ముఖ్యుడు. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారులో నాలుగు చక్రాలకూ ద్రవ బ్రేకులు అమర్చారు. తొలినాళ్ళలో అన్ని చక్రాలకూ ఒకే ద్రవ మార్గం ఉండేది. ఎక్కడ ఒక్క పైపు పగిలినా మొత్తం బ్రేకులు పోయేవి. ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి రెండు వేరువేరు మార్గాలుగా విభజించే పద్ధతి వచ్చింది. అమెరికాలో 1968 నుండి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయినది. ఇప్పుడు ఒక పైపు తెగితే సగం బ్రేకులైనా మిగులుతాయి. అయితే కారు ఆగడానికి పట్టే దూరం బాగా పెరుగుతుంది.

స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థ 1970 దశకంలో ఉక్కు పైపులకు బదులు రాగి, నికెల్ మిశ్రమలోహపు పైపులను వాడడం మొదలుపెట్టింది. ఇందులో నికెల్ సుమారు 10 శాతం ఉంటుంది. ఇది ఉక్కువలె తుప్పుపట్టదు. చేతితో సులభంగా వంచవచ్చు. నేడు మరమ్మతులకు దీనిని విరివిగా వాడుతున్నారు.

పట్టేయడానికి కారణాలు

* '''తుప్పు''': ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం అనేక రెట్లు పెరుగుతుంది. మరచుట్ల మధ్య ఖాళీ చాలా స్వల్పం. అందులో తుప్పు పెరిగినప్పుడు అది మేకు దిగగొట్టినట్లుగా రెండు భాగాలనూ బిగించివేస్తుంది.
* '''ఉప్పు''': చలి దేశాలలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. అమెరికాలో ఈశాన్య రాష్ట్రాలు, మహా సరస్సుల ప్రాంతం, కెనడా ఇందుకు ప్రసిద్ధి. ఉప్పు నీరు కారు అడుగుభాగాన చేరి తుప్పును వేగవంతం చేస్తుంది. చదువుకో, ఉద్యోగానికో ఆ ప్రాంతాలకు వెళ్ళి పాత కార్లు కొనుక్కొనే తెలుగువారికి ఇది తెలియవలసిన విషయం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాలలో సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కూడా ఇటువంటి ప్రభావాన్నే చూపుతాయి.
* '''రెండు లోహాల కలయిక''': ఏబీఎస్ పరికరం, క్యాలిపర్ల వంటివి కొన్ని అల్యూమినియంతో ఉంటాయి. ఉక్కు నట్టు, అల్యూమినియం భాగం, వాటి మధ్య ఉప్పు నీరు కలిసి ఒక చిన్న విద్యుత్ ఘటంగా పనిచేస్తాయి. అప్పుడు అల్యూమినియం తినివేయబడి తెల్లని పొడిలాగా మారి మరచుట్లను పట్టివేస్తుంది.
* '''పైపును నట్టు పట్టుకోవడం''': చాలామంది మరచుట్లను మాత్రమే చూస్తారు. నట్టు లోపలి రంధ్రానికి, పైపుకు మధ్య కూడా తుప్పు పేరుకొంటుంది. అటువంటప్పుడు మరచుట్లు వదులైనా, నట్టుతోపాటు పైపు కూడా తిరుగుతుంది. పైపులు మెలితిరిగి తెగిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

అమెరికాలో 1999-2003 మధ్య తయారైన జనరల్ మోటార్స్ ట్రక్కులలో బ్రేకు పైపుల తుప్పు గురించి అక్కడి రహదారి భద్రతా సంస్థ పరిశీలన జరిపింది. 2015 ఏప్రిల్‌లో, వాహనాలను వెనక్కి పిలిపించవలసిన అవసరం లేదని తేల్చి దానిని ముగించింది. అయితే పాత వాహనాల యజమానులు పైపులను పరీక్ష చేయించుకోవాలని, శీతకాలంలో కారు అడుగుభాగాన్ని కడిగించుకోవాలని సూచించింది.

కావలసిన పనిముట్లు

* '''ఫ్లేర్ నట్ పానా''': రింగు పానావలె ఉండి, పైపు దూరడానికి ఒకచోట కోసిన సందు కలది. మామూలు పానా నట్టు ఆరు ముఖాలలో రెండింటిని మాత్రమే పట్టుకొంటుంది. ఇది దాదాపు చుట్టూ పట్టుకొంటుంది గనుక మూలలు అరిగే అవకాశం తక్కువ. ఈ పనికి ఇది తప్పనిసరి.
* తీగ బ్రష్షు, చిన్న సుత్తి.
* తుప్పు వదిలించే పలుచని నూనె.
* ఆరు ముఖాల పొడవాటి సాకెట్టు.
* పట్టు తప్పకుండా బిగించుకొనే గ్రిప్ ప్లయరు.
* కళ్ళద్దాలు, చేతి తొడుగులు, కారును నిలిపే స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు.
* కొత్త బ్రేకు ద్రవం, పైపు మూతికి పెట్టడానికి రబ్బరు మూతలు.

డబ్ల్యూడీ-40 పేరుతో దొరికే ద్రవం 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారైంది. అది మొదట తేమను తొలగించడానికి ఉద్దేశించినది. పట్టేసిన నట్లకు ప్రత్యేకించి చేసిన పలుచని నూనెలు అంతకంటె మెరుగుగా పనిచేస్తాయి. నూనె సన్నని సందులలోకి ప్రాకడానికి కారణం కేశికత్వం. అది నిదానంగా జరిగే ప్రక్రియ కనుక పోసిన వెంటనే ఫలితం ఆశించరాదు.

విప్పే క్రమం

తక్కువ హాని చేసే పద్ధతితో మొదలుపెట్టి, అది విఫలమైనప్పుడే తరువాతి దానికి వెళ్ళాలి.

1. '''కారును నిలపడం.''' చదునైన గట్టి నేలపై కారు నిలిపి, నేలపై ఉండే చక్రాలకు దిమ్మెలు పెట్టి, జాకీతో ఎత్తిన తరువాత స్టాండ్లపై నిలపాలి. జాకీ మీద మాత్రమే ఆధారపడి కారు క్రిందికి ఎన్నడూ వెళ్ళరాదు. పట్టేసిన నట్టుతో పెనుగులాడేటప్పుడు కారు కదులుతుందని మరువరాదు.

2. '''పరిశీలించడం.''' పైపు పొడవునా చేతితో తడిమి చూడాలి. పొరలు రాలుతున్నా, గుంటలు పడినా ఆ పైపును ఎలాగూ మార్చవలసిందే. అప్పుడు దానిని కాపాడడానికి శ్రమపడనవసరం లేదు. నేరుగా 8వ మెట్టుకు వెళ్ళవచ్చు. ఈ ఒక్క నిర్ణయం చాలా సమయాన్ని ఆదా చేస్తుంది.

3. '''శుభ్రం చేసి నూనె పెట్టడం.''' తీగ బ్రష్షుతో నట్టును, నట్టు వెనుక పైపును శుభ్రం చేయాలి. నట్టు సిలిండరులోకి దూరేచోట, పైపు నట్టులోకి దూరేచోట - రెండు చోట్లా నూనె వేయాలి. వీలైతే ముందురోజు సాయంత్రమే వేసి, మధ్యమధ్య మరల వేస్తూ రాత్రంతా నాననివ్వాలి.

4. '''తట్టడం.''' నట్టు ముఖాలపైన, అది బిగించి ఉన్న భాగంపైన చిన్న సుత్తితో మెల్లగా పలుమార్లు తట్టాలి. ఈ అదురుకు తుప్పు పొరలో పగుళ్ళు ఏర్పడి నూనె లోపలికి దిగుతుంది. అల్యూమినియం భాగాలపైన, ఏబీఎస్ పరికరంపైన కొట్టరాదు.

5. '''తిప్పడం.''' సరియైన కొలత పానాను పూర్తిగా దిగేలా పెట్టాలి. మొదట కొద్దిగా బిగించే దిశలో కదిపి, తరువాత విప్పే దిశలో తిప్పాలి. కదలిక మొదలైన తరువాత పావు చుట్టు విప్పి, కొంత వెనుకకు తిప్పి, నూనె వేసి మరల విప్పాలి. ఒకేసారి విప్పివేయాలని తొందరపడరాదు. నట్టు హోసుకు బిగించి ఉంటే, హోసు చివరను మరొక పానాతో కదలకుండా పట్టుకోవాలి.

6. '''పైపును గమనించడం.''' తిప్పేటప్పుడు చూపు పానా మీద కాక పైపు మీద ఉండాలి. నట్టుతోపాటు పైపు తిరుగుతున్నట్లయితే వెంటనే ఆపాలి. ఆ పైపు మెలితిరగడానికి నట్టు విప్పే బలంలో చిన్న భాగం చాలు. నట్టును ముందుకూ వెనుకకూ కొద్ది డిగ్రీలు మాత్రమే ఆడిస్తూ, పైపు దూరేచోట నూనె వేస్తూ ఉంటే కొంతసేపటికి పైపు విడిపోవచ్చు. ఒకసారి మెలితిరిగిన పైపును మరల వాడరాదు.

7. '''వేడి చేయడం.''' ఉక్కు 200 డిగ్రీలు వేడెక్కితే 10 మిల్లీమీటర్ల వ్యాసంలో వచ్చే పెరుగుదల సుమారు 0.024 మిల్లీమీటరు మాత్రమే. అయినా తుప్పు పట్టు సడలడానికి ఇది సరిపోవచ్చు. నట్టును గాక, అది దిగి ఉన్న భాగాన్ని వేడిచేయడం మేలు. అప్పుడు రంధ్రం వెడల్పవుతుంది. రబ్బరు హోసు, సీళ్ళు, పెట్రోలు పైపు దగ్గరలో ఉన్నచోట మంట వాడరాదు. బ్రేకు ద్రవానికి నిప్పు అంటుకొంటుంది. మూసి ఉన్న పైపులో ద్రవం మరిగి చిమ్మే ప్రమాదం కూడా ఉన్నది. క్లోరిన్ సంబంధ రసాయనాలు గల బ్రేకు క్లీనరు వాడినచోట వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. నూనె చల్లినచోటును కూడా తుడిచి ఆరనివ్వకుండా మంట చూపరాదు. ఇంటివద్ద పనిచేసేవారు ఈ మెట్టును వదలి తరువాతి మెట్టుకు వెళ్ళడమే శ్రేయస్కరం.

8. '''పైపును కోయడం.''' పైపును మార్చడానికి సిద్ధపడితే ఇదే అన్నిటికంటె సులభమైన మార్గం. నట్టుకు అతి దగ్గరగా పైపును కత్తిరించాలి. అడ్డుగా ఉన్న పైపు పోయింది కాబట్టి ఇప్పుడు ఆరు ముఖాల సాకెట్టు నట్టుపై నిండుగా కూర్చుంటుంది. పైపు మెలితిరుగుతుందన్న భయం లేదు. ఫ్లేర్ నట్ పానాకు లొంగని నట్లు చాలావరకు ఈ విధంగా ఊడివస్తాయి.

9. '''గ్రిప్ ప్లయరు.''' మూలలు అరిగిపోయిన నట్టుకు ఇది చివరి ఉపాయం. దీనితో నట్టు పాడవుతుంది కనుక కొత్త నట్టు వేయాలి.

10. '''భాగాన్నే మార్చడం.''' నట్టు లోపల విరిగిపోతే డ్రిల్లుతో తీయడానికి ప్రయత్నించి పీటను పాడుచేసుకోవడం కంటె వీల్ సిలిండరును లేదా హోసును మార్చడం మంచిది. అవి అంత ఖరీదైనవి కావు.

ద్రవం కారిపోకుండా చూడడం

పైపు ఊడదీసినప్పుడు పైనున్న డబ్బాలోని ద్రవమంతా మెల్లగా కారిపోతుంది. మాస్టర్ సిలిండరు ఎండిపోతే దానిలో గాలి చేరి, తరువాతి పని కష్టమవుతుంది. బ్రేకు పెడలును కొద్దిగా నొక్కి, ఒక కర్రతో అలాగే నిలిపితే డబ్బా నుండి సిలిండరులోకి ఉన్న చిన్న రంధ్రం మూసుకొని ద్రవం కారడం ఆగుతుంది. ఈ సమయంలో వెనుక బ్రేకు దీపాలు వెలుగుతూ ఉంటాయి కనుక బ్యాటరీ తీగ ఊడదీయాలి. తెరచిన మూతులకు శుభ్రమైన రబ్బరు మూతలు పెట్టాలి.

బ్లీడర్ నిపుల్

బ్రేకులలో గాలి తీయడానికి ఉండే బ్లీడర్ నిపుల్ కూడా ఇదే విధంగా పట్టేస్తుంది. ఇది లోపల బోలుగా ఉంటుంది గనుక సులభంగా విరుగుతుంది. దీనికి ఆరు ముఖాల సాకెట్టు వాడాలి. రంధ్రంలో సరిపడే డ్రిల్లు బిట్టు కాడను దూర్చి తిప్పితే గోడలు నలగకుండా ఉంటాయి. బ్రేకుల పని మొదలుపెట్టే ముందే నిపుళ్ళు వదులవుతాయో లేదో చూసుకోవాలి. పైపు మార్చిన తరువాత నిపుల్ విరిగితే గాలి తీసే మార్గం ఉండదు.

తిరిగి బిగించడం

మరచుట్లను శుభ్రం చేసి, నట్టును మొదట చేతివేళ్ళతోనే కొన్ని చుట్లు తిప్పాలి. వేళ్ళకు తిరగకపోతే అది వంకరగా ఎక్కుతున్నదని అర్థం. తుది బిగింపు సాధారణంగా 12 నుండి 20 న్యూటన్-మీటర్ల మధ్య ఉంటుంది. ఆయా కార్ల మాన్యువల్‌లో ఇచ్చిన విలువను పాటించాలి. కారుతున్నదని అతిగా బిగిస్తే ఫ్లేర్ చితికి ఇంకా ఎక్కువ కారుతుంది.

ఖనిజ నూనె, కిరోసిన్, పెట్రోలు, గ్రీజు వంటివి బ్రేకు ద్రవంలో కలిస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. నట్టు విప్పడానికి వాడిన నూనె కూడా ఈ కోవలోనిదే. అందుచేత పైపును వేరుచేసే ముందు ఆ ప్రదేశాన్ని స్పిరిట్‌తో గాని, బ్రేకు క్లీనరుతో గాని తుడవాలి.

మన వాడుకలో బ్రేకు ఆయిల్ అంటున్నా అది నిజానికి నూనె కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ ఈథర్ సంబంధమైనవి. గాలిలోని తేమను పీల్చుకొంటాయి. తేమ చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఆయా రకాలకు ఉండవలసిన కనీస మరిగే ఉష్ణోగ్రతలు:

* డాట్ 3: కొత్తది 205 డిగ్రీల సెల్సియస్, తేమ చేరినది 140 డిగ్రీలు
* డాట్ 4: కొత్తది 230 డిగ్రీలు, తేమ చేరినది 155 డిగ్రీలు
* డాట్ 5.1: కొత్తది 260 డిగ్రీలు, తేమ చేరినది 180 డిగ్రీలు

డాట్ 5 మాత్రం సిలికోన్ ద్రవం. దానిని పై రకాలతో కలపరాదు. కారిన ద్రవాన్ని మరల వాడరాదు. అది కారు రంగును పాడుచేస్తుంది కనుక పడినచోట వెంటనే నీటితో కడగాలి.

చివరగా గాలి తీసి, ఇంజను నడుపుతూ పెడలును గట్టిగా నొక్కి పట్టుకొని, మరొకరిచేత ప్రతి కీలును పరీక్ష చేయించాలి. పెడలు మెత్తగా ఉన్నా, మెల్లగా క్రిందికి దిగుతున్నా కారును రోడ్డు మీదికి తీసుకువెళ్ళరాదు. అంతా సరిగా ఉంటే మొదట ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి చూడాలి.

చేయకూడని పనులు

* నట్టు మరచుట్లకు టెఫ్లాన్ టేపు చుట్టరాదు. అడ్డుకట్ట ఫ్లేర్ వద్ద ఉంటుంది. టేపు ముక్కలు లోపలికి పోయి సన్నని రంధ్రాలను మూసివేస్తాయి.
* తెగిన పైపును నీటి గొట్టాలకు వాడే కంప్రెషన్ జోడింపులతో అతకరాదు. అవి అంత పీడనానికి తట్టుకోలేవు.
* ఫ్రిజ్‌లకు వాడే మామూలు రాగి పైపు వేయరాదు. అది అదురుకు గట్టిపడి పగులుతుంది.
* ద్రవం ఆపడానికి రబ్బరు హోసును ప్లయరుతో నొక్కరాదు. లోపలి పొర చీలుతుంది.

ఏ దశలో ఆపాలి

నట్టు ఏబీఎస్ పరికరానికి బిగించి ఉండి, నూనె పెట్టి ఒక రాత్రి ఆగినా కదలకపోతే అక్కడితో ఆపడం మంచిది. ఆ పరికరం ఖరీదైనది. అల్యూమినియం మరచుట్లు ఊడివస్తే మొత్తం మార్చవలసి వస్తుంది. పైగా దానిలో గాలి చేరితే తీయడానికి చాలా కార్లలో కంప్యూటరు పరికరం కావాలి. ఫ్లేర్ వేసే పనిముట్టు లేనివారు, ఆ పని అలవాటు లేనివారు కూడా పైపు కోయడానికి ముందే ఆలోచించుకోవాలి. కోసిన తరువాత కారు కదలదు. అనుభవజ్ఞుడైన మెకానిక్కును ఇంటికి పిలవడమో, కారును మరొక వాహనంపై ఎక్కించి పంపడమో చేయవలసి వస్తుంది.

నివారణ

కొత్త పైపు వేసేటప్పుడు నట్టు వెనుక, పైపు దూరేచోట కొద్దిగా సిలికోన్ గ్రీజు రాస్తే నీరు చేరదు. ఇది ఫ్లేర్‌కు తగలకూడదు. ఉప్పు రోడ్లపై తిరిగే కార్ల అడుగుభాగాన్ని తరచుగా మంచినీటితో కడగాలి. బ్రేకు ద్రవాన్ని మార్చినప్పుడల్లా నిపుళ్ళను విప్పి బిగించడం వల్ల అవి పట్టేయకుండా ఉంటాయి.

ఇవి కూడా చూడండి

* పాస్కల్ నియమం
* తుప్పు
* డిస్క్ బ్రేకు
* డ్రమ్ బ్రేకు
* కేశికత్వం